ఫోను పక్కన పెట్టి పిల్లలు ఎక్కడికి పోవాలి?

హైదరాబాద్‌లోని ప్రైవేటు పాఠశాలల, జూనియర్ కళాశాలల యాజమాన్యాలకూ, వాటికి గుర్తింపు ఇచ్చే అధికారులకూ ఒక పీఈటీ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ప్రైవేటు హైస్కూళ్లలో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. ఇప్పుడున్నది మూడో బడి. కింద రాసిన సంగతులు ముందు మా మేనేజ్‌మెంటుకు నోటిమాటగా చెప్పాను, తర్వాత కాగితం మీద పెట్టి ఇచ్చాను. అక్కడ కదలిక లేకపోతే ఒక కార్యాలయానికి వెళ్లి వినతిపత్రం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఆరు నెలలు చూసి రెండోది తీసుకెళ్తే, "మొదటిది ఉంది కదమ్మా, మళ్లీ ఎందుకు" అని ముద్ర కూడా వేయలేదు. ఏడాదిన్నర గడిచింది. అందుకే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను.

ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో నాలుగు పనులు చేయిస్తాను. మడమలు, వీపు, భుజాలు గోడకు ఆనించి నిలబడి, గడ్డం పైకెత్తకుండా తల కూడా గోడకు తాకించాలి. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. టెన్నిస్ బంతిని గోడకు కొట్టి అదే చేత్తో పట్టుకోవాలి. తాడాట ఆడాలి. దీనికి పైసా ఖర్చు లేదు, యంత్రాలు అక్కర్లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది పిల్లలకు నవ్వులాటగా ఉండేది. ఎవరు ఎక్కువసేపు నిలబడతారని పందేలు కాసుకునేవారు. ఇప్పుడు తల గోడకు తగలాలంటే గడ్డం పైకి లేపేవాళ్లే ఎక్కువ. కళ్లు మూయగానే పది లెక్కపెట్టేలోపు కాలు దించేస్తారు. బంతి వస్తుంటే పట్టుకోవడానికి చెయ్యి చాచాల్సింది పోయి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అలా పెట్టుకున్న వాళ్లలో ఒకడు, ఫోనులో తుపాకులాట ఆడితే కాలనీ మొత్తానికీ మొనగాడట. వాడి స్నేహితులే చెప్పారు.

ఇది నా కళ్లతో చూసింది మాత్రమేననీ, పరిశోధన కాదనీ మీరు అనొచ్చు. నిజమే. ఫోను చూసిన ప్రతి పిల్లకూ వెన్ను వంగిపోతుందని నేనూ అనడం లేదు. ఫోను వాడకానికీ మెడనొప్పికీ ఎంత సంబంధం ఉందన్న దాని మీద వైద్యుల్లోనే అందరిదీ ఒకే మాట కాదు. నా గొడవ ఫోను ఒక్కదానితో కాదు. ఫోను పట్టుకునే పిల్లకు రోజులో ఒళ్లు కదిలే అరగంట కూడా మిగలకుండా చేశాం కదా, దాని గురించి. ఆ పనిలో మీ వాటా ఎంతో ముందు చెప్పి, తర్వాత పిల్లలకు ఏం జరుగుతోందో రాస్తాను.

2020 సెప్టెంబర్ 1న రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు ఎవరినీ తప్పుపట్టే పరిస్థితి లేదు. కరోనా కాలం. స్మార్ట్‌ఫోను లేని ఇళ్లలో అప్పు చేసి కొన్నారు. ఆ తర్వాత బడులు తెరిచారు, మాస్కులు పోయాయి, ఫోను మాత్రం చదువులోంచి బయటికి పోలేదు. ఈ రోజుకీ చాలా బడుల్లో హోంవర్క్ వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది. ప్రాజెక్టు వర్క్ పీడీఎఫ్‌లో, స్లిప్ టెస్టు మార్కులు యాప్‌లో. రాత్రి ఎనిమిదిన్నరకు "రేపటికి ఈ ప్రశ్నలు రాసుకు రండి" అని మెసేజ్ పెట్టేదీ మనమే, పేరెంట్స్ మీటింగులో "మీ వాడు ఫోను ఎక్కువ చూస్తున్నాడండీ" అని తల్లిని నిలదీసేదీ మనమే. ఆ తల్లి ఫోను లాక్కుంటే పిల్లవాడి నోట సిద్ధంగా ఉండే మాట ఒక్కటే: "హోంవర్క్ అమ్మా." కాదనడానికి ఆమెకు దారి లేదు.

ఇక గేమ్స్ పీరియడ్. టైంటేబుల్లో ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ రోజున చూపించడానికి అది పనికొస్తుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్‌కు పునాది అని ఫౌండేషన్ బ్యాచ్ పెడతారు కాబట్టి ఆ పిల్లల గేమ్స్ పీరియడ్ ముందు పోతుంది. పదో తరగతికైతే దసరా సెలవుల తర్వాత మ్యాథ్స్ సారు, ఫిజిక్స్ మేడం వంతులేసుకుని తీసుకుంటారు. జూనియర్ కాలేజీల్లో ఆ పేరుతో పీరియడ్ ఉన్నట్టే చాలామంది పిల్లలకు తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేట్‌లోనో కూకట్‌పల్లిలోనో కాలేజీ అంటే కింద బట్టల షాపు, పైన నాలుగంతస్తుల్లో క్లాసులు. ఇంటర్వెల్‌లో మెట్ల మీద నిలబడడమే వాళ్ల విహారం. పదో తరగతి అమ్మాయి కూర్చునే గంటలు ఒక్కసారి లెక్కేయండి. పొద్దున ఏడున్నరకు బస్సు, సాయంత్రం స్టడీ అవర్ అయ్యేసరికి ఐదున్నర, ఆ తర్వాత ట్యూషన్, ఇంటికొచ్చి హోంవర్క్. పడుకునే ముందు గంటో గంటన్నరో రీల్స్. ఆ గంటన్నర గురించే అందరూ మాట్లాడతారు. మిగతా పన్నెండు గంటల కూర్చోబెట్టుడు గురించి ఎవరూ మాట్లాడరు.

దీనివల్ల జరుగుతున్నది ఇదీ:

1. మెడ, వెన్ను. మనిషి తల బరువు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలు ఉంటుంది. తల నిటారుగా ఉన్నంతసేపు మెడకు పడేది ఆ బరువే. ముందుకు వంచితే లెక్క మారుతుంది. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికా వెన్నెముక సర్జన్ దీన్ని లెక్కగట్టారు. 15 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 45కు 22, 60 డిగ్రీలకు 27 కిలోలు. మనం దుకాణంలో కొనే సోనామసూరి బస్తా 25 కిలోలు. ఒళ్లో ఫోను పెట్టుకుని చూసే పిల్ల మెడ మీద అంతకంటే ఎక్కువే ఉందన్నమాట. ఇది కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా, బతికున్న మనిషి మెడ మీద కొలిచింది కాదు. అయినా అంచనాలో సగమే నిజమనుకున్నా, అరబస్తా మోస్తున్న పిల్లను "కదలకుండా కూర్చో" అంటున్నాం. గంటల తరబడి ఒకే వాటంలో ఉంటే కండరాలు దానికే అలవాటు పడతాయి. ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, మెడ ముందువైపు లోపలి కండరాలు బలం తగ్గుతాయి, భుజాలు ముందుకు ఒరుగుతాయి. పక్కటెముకలు విచ్చుకునే చోటు తగ్గి ఊపిరి పైపైనే ఆడుతుంది. మా నాయనమ్మ "నడుం నిలబెట్టి కూసో బిడ్డా" అని వీపు మీద ఒకటి చరిచేది. ఆమెకు డిగ్రీల లెక్క తెలియదు.

పుస్తకాల సంచీ బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. సంచీకైనా ఒక పాలసీ ఉంది.

2. ఒంటి పట్టు తప్పడం. నొప్పి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది ఏ స్కానింగ్‌లోనూ కనపడదు. ఆడపిల్లలు పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగేళ్ల ప్రాంతంలో అన్నిటికంటే వేగంగా పొడుగవుతారు. ఎముక ముందు సాగుతుంది, కండరం వెనకాల వస్తుంది. చెయ్యి ఎక్కడిదాకా చాస్తే అందుతుందో, కాలు ఎంత ఎత్తితే మెట్టు దాటుతుందో మెదడు మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. ఆ వయసులో గ్లాసు తన్నేయడం, గుమ్మానికి భుజం కొట్టుకోవడం అందుకే. అది మామూలే, కొద్ది నెలల్లో సర్దుకుంటుంది. కానీ సర్దుకోవాలంటే ఒళ్లు ఆడాలి. ఒంటి తూకం (బ్యాలెన్స్) నిలవడానికి మూడు చోట్ల నుంచి మెదడుకు కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, కీళ్లూ కండరాలూ. పరిగెత్తి ఆగినప్పుడు, గిర్రున తిరిగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు ఆ మూడింటికీ పొత్తు కుదురుతుంది. ఫోను పట్టుకున్నప్పుడు చూపు జానెడు దూరంలో ఆగిపోతుంది, తల కదలదు, పాదాలకు పని లేదు. రెండు బొటనవేళ్లు మాత్రం తెగ పరిగెడతాయి.

వీడియో గేముల వల్ల చూపు చురుకవుతుందనే పరిశోధనలు ఉన్నాయి, నేను కాదనను. మా మొనగాడి బొటనవేలు వేగం చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆ వేగం బొటనవేలు దాటి మోచేతి దాకా కూడా రాలేదు, అంతే. చిర్రగోనె ఆడినవాడు గాల్లో తిరుగుతున్న చిర్రను చూసి, కర్ర ఎప్పుడు విసరాలో రెప్పపాటులో తేల్చుకునేవాడు. తొక్కుడు బిళ్లలో ఒంటికాలి మీద గీత తొక్కకుండా వంగి బిళ్ల తీయాలి. నేను జూన్‌లో పెట్టే పరీక్షకు ఆ ఆట అమ్మలాంటిది. కచ్చకాయలు చూడండి, ఒక రాయిని ఎగరేసి అది పడేలోపు కింద నాలుగు ఏరి, మళ్లీ పైదాన్ని అందుకోవాలి. వీటికి కోచ్ లేడు, ఫీజు లేదు. ఇవి ఆడిన పిల్లలకు కోఆర్డినేషన్ అనే మాట తెలియదు, ఆ పని మాత్రం వచ్చు.

3. ఆడపిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి కావలసినంత శారీరక శ్రమ లేదు. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. 146 దేశాల లెక్క అది. ఆ ఏడు శాతం తేడా ఎక్కడ పుడుతుందో నేను ప్రతి ఏటా చూస్తున్నాను. ఏడో తరగతి దాకా ఖోఖోలో పోల్ డైవ్ కొట్టిన పిల్ల ఎనిమిదిలోకి రాగానే "వద్దు మేడం" అని గోడ పక్కన కూర్చుంటుంది. పెద్దమనిషయింది. స్కర్టు, చున్నీ, చూసే మగపిల్లలు, నీళ్లు రాని టాయిలెట్. గోడ పక్కన కూర్చున్న పిల్ల చేతిలో పుస్తకం ఉంటుంది, ఇంటికెళ్తే ఫోను ఉంటుంది. ఎముకల గట్టిదనంలో దాదాపు తొంభై శాతం పద్దెనిమిది, ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది. యాభై ఏళ్లకు మోకాళ్ల మీద చెయ్యి వేసి "అమ్మా" అని లేచే ఆడవాళ్ల కథ ఆ గోడ పక్కనే మొదలవుతుందని నా నమ్మకం.

4. ఇంటి మీద పడే ఖర్చు. మా దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయికి ఆరు నెలల పాటు తలనొప్పి. ముందు కళ్లద్దాలు మార్చారు. తర్వాత నరాల డాక్టరు, తర్వాత స్కానింగ్. స్కానింగ్‌లో ఏమీ లేదు. ఆఖరికి ఒక డాక్టరు మెడ కండరాలు బిగుసుకుని ఉన్నాయని ఫిజియోథెరపీకి పంపారు. ఆ పిల్ల తల్లి ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. ఒక్కో సిట్టింగ్‌కు ఒక రోజు కుట్టుడు పైసలు పోయాయి. ఫిజియో నేర్పిన వ్యాయామాలు నాకు చూపించింది. నేను గేమ్స్ పీరియడ్‌లో వార్మప్ అని చేయించేవాటికి వాటికి పెద్ద తేడా లేదు. మా బడి ఊరికే ఇవ్వాల్సిన దాన్ని ఆమె బయట డబ్బుపెట్టి కొన్నది. నాకు సిగ్గేసింది.

5. ఉద్యోగాలు. మా బడి పిల్లల్లో ఎక్కువమంది తండ్రులు ఆటో డ్రైవర్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు. పిల్లవాడు ఐఐటీకి పోకపోతే పోలీసు కానిస్టేబుల్ అయినా చాలనుకునే ఇళ్లు. 2022 నోటిఫికేషన్‌లో ఆ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష అంటే మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు, ఆడవాళ్లకు 800, దాంతోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. పదేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్ల మూడు నెలల కోచింగ్‌తో ఇసుక గుంటలో దూకబోయి చీలమండ మెలితిప్పుకుని వస్తే, ఆ తప్పు ఎవరి ఖాతాలో వేయాలి?

ఇప్పుడు మేం అడుగుతున్నవి. ఇవి నా ఒక్కదాని కోరికలు కావు. చుట్టుపక్కల బడుల పీఈటీలం కొందరం కూర్చుని రాసుకున్నవి.

అన్నిటికంటే ముందు, పదో తరగతికీ ఇంటర్‌కూ కలిపి, ప్రతిరోజూ ఒక పీరియడ్ ఒళ్లు కదిలేదిగా ఉండాలి. వారానికి రెండు కాదు, రోజూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అడుగుతున్నాయి. మేం అడిగేది నలభై. ఆ పీరియడ్‌ను ఇంకో సబ్జెక్టుకు వాడితే దాన్ని రిజిస్టర్‌లో నమోదు చేయాలి, ఎవరు తీసుకున్నారో సంతకంతో సహా. సంతకం పెట్టాల్సి వస్తే సగం మంది అడగడమే మానేస్తారు, నాకు తెలుసు.

హోంవర్క్ డైరీలో రాయించండి. వాట్సాప్ గ్రూపు తల్లిదండ్రులకు సమాచారం చెప్పడానికి ఉంచండి, సాయంత్రం ఆరు తర్వాత అదీ వద్దు.

ఆటస్థలం. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్‌లో బడి భవనానికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం కూడా ఉంది. అది ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు వర్తించే చట్టం. గుర్తింపు రెన్యువల్‌కు వచ్చినప్పుడు కాగితం మీద కాదు, దయచేసి కాళ్లతో నడిచి కొలవండి. పార్కింగ్‌కు సున్నం గీతలు కొట్టి కబడ్డీ కోర్టు అని చూపించిన బడిని నేనెరుగుదును (అందులో పనిచేశాను కూడా). ఉన్నపళంగా స్థలం ఎక్కడి నుంచి తెస్తామని మీరంటారు, అదీ న్యాయమే. అయితే బల్దియా (నగరపాలక సంస్థ) ఆటస్థలాలు వర్కింగ్ డేస్‌లో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న బడులకు, కాలేజీలకు వారంలో రోజులు పంచి రాతపూర్వకంగా కేటాయించండి. అదీ లేకపోతే టెర్రస్ మీద పిట్టగోడ ఎత్తు పెంచి తాడాట, బంతి, యోగా చేయించవచ్చు. పిల్లల ఒంటికి కావాల్సింది స్టేడియం కాదు.

పిల్లల ఒంటిని ఏడాదికి రెండుసార్లు చూడండి. పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు సర్కారు బడులకు వెళ్తాయి, ప్రైవేటు పిల్లలను ఎవరూ చూడరు. కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు పెట్టిన ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఒంటికాలి తూకం, చేతి చురుకు మూడో తరగతితోనే ఆగిపోయాయి. నాలుగు నుంచి పన్నెండు దాకా పరుగు, వంగడం, పుషప్‌లు ఉన్నాయి, తూకం లేదు. తూకం తప్పేది సరిగ్గా ఆ వయసులోనే. నేను పైన చెప్పిన నాలుగు పరీక్షలకు తోడు, ముందుకు వంగితే వీపు రెండు పక్కలా సమంగా ఉందా అని చూసే పరీక్ష కలిపితే ఒక సెక్షన్ రెండు పీరియడ్లలో పూర్తవుతుంది. తేడా కనిపించిన పిల్లను డాక్టరు దగ్గరికి పంపమని తల్లిదండ్రులకు చీటీ రాస్తే చాలు. ఫారం మేం తయారు చేసిస్తాం.

బెంచీల గురించి కూడా. ఆరో తరగతికీ పదో తరగతికీ ఒకే ఎత్తు బెంచీలు కొంటున్నారు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, అంతకుమించి అడగం. పీరియడ్ మారేటప్పుడు రెండు నిమిషాలు అందరినీ లేచి నిలబడనివ్వండి.

ఆడపిల్లలకు ట్రాక్‌సూట్ ఆటల రోజున తప్పనిసరి యూనిఫాం చేయండి. నీళ్లు వచ్చే టాయిలెట్, కనీసం ఒక మహిళా పీఈటీ ఉండాలి.

చివరగా మా సంగతి. పీఈటీ అంటే బస్ డ్యూటీ, గేటు దగ్గర లేటు పిల్లల లెక్క, యాన్యువల్ డేకి మైకు సెట్టు, పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్. ఫీజు కట్టని పిల్లలను క్లాసులోంచి పిలుచుకు రమ్మని కూడా పంపించారు నన్ను. ఈ ఊరికి ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడిపంతులు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినవారు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. చేతకాని కాలితోనే ఆడాలనే నియమం పెట్టి పోటీలు జరిపేవారని చెబుతారు. రెండు కాళ్లకూ సమానంగా పట్టు రావాలని. ఒళ్లు నేర్చుకుంటుందనీ, నేర్పాలనీ తెలిసిన మనిషి. మేమెవరం రహీం సాబ్‌లం కాదు. కానీ బస్సు నంబర్లు రాసుకోవడానికి మేం బీపీఈడీ చదవలేదు.

ఈ లేఖకు జవాబుగా మాకు కావాల్సింది ఒక తేదీ. దసరా సెలవులకు ముందు యాజమాన్యాల ప్రతినిధులు, అధికారులు, తల్లిదండ్రులు, పీఈటీలు ఒక చోట కూర్చునే సమావేశం. ఏ హాలులో పెట్టినా వస్తాం. వచ్చేటప్పుడు ఈ జూన్‌లో నేను రాసుకున్న రిజిస్టర్ తెస్తాను, పిల్లల పేర్లు కొట్టేసి. ఒక టెన్నిస్ బంతి కూడా తెస్తాను. కూర్చున్న పెద్దలు కూడా ఒకసారి గోడకు కొట్టి పట్టి చూడొచ్చు.

ఇట్లు,
ఒక పీఈటీ,
దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతం, హైదరాబాద్